దీపం కింది చీకటి

కిందటి నెల ఒక మిత్రుడు ఇంటికి వచ్చాడు. బల్ల మీద ఆరబెట్టిన బొమ్మను చేతిలోకి తీసుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు: "బట్ట మీద ఆకుపచ్చ రంగు ఒలికిందా?"

ఒలకలేదు. వెలుగు అనుకుని నేను వేసిందే అది. బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల కోసం మనం రంగులేసుకునే చిన్న బొమ్మల్లో ఒకటి అది: ఒక అస్థిపంజరం కావలివాడు, 28 మిల్లీమీటర్ల కొలతది. ఎడమ చేతిలో లాంతరు, కుడి చేతిలో తుప్పు కత్తి, భుజాల నుంచి మడమల దాకా జారే ఎర్రటి పైవస్త్రం. లాంతరులో మామూలు మంట కాదు, దయ్యాల ఆకుపచ్చ మంట. ఎరుపుకు మూడు సాయంత్రాలు పట్టింది. నాలుగో సాయంత్రం లాంతరు చుట్టూ పల్చటి ఆకుపచ్చను పొరలు పొరలుగా వేసి, లాంతరు వెలుగుతోందని సంబరపడ్డాను. అతనికి మాత్రం ఎర్ర బట్ట మీద ఒక ఆకుపచ్చ మరక కనిపించింది. అతను ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు. అందుకే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అప్పటి నుంచి ఇదే ఆలోచన. మరో మూడు బొమ్మలు పాడుచేసి, ఒకటి కొంతవరకు నిలబెట్టాక, ఒక అభిప్రాయం గట్టిపడింది. మన బొమ్మల మీద గ్లో, అంటే రంగుతో చూపే దీపపు వెలుగు, చెడిపోయేది వెలుగు వేసే చోట కాదు. వెలుగు అందని చోటును చీకటికి వదిలేయడానికి మనసు ఒప్పుకోని చోట అది చెడిపోతోంది. ఎంత మంచి ఆకుపచ్చ కొన్నా, ఎంత సన్నని కుంచె పట్టినా, ఆ వదులుకోవడం లేకపోతే చివరికి మిగిలేది మరకే.

తెలుపును మించిన తెలుపు లేదు

మనం వాడే తెల్లరంగు తన మీద పడ్డ కాంతిలో సుమారు 90 శాతాన్ని తిప్పి పంపుతుంది. మెరుపు లేని మాట్ నలుపు 3, 4 శాతం పంపుతుంది. అంటే మన సీసాల్లో ఉన్న వెలుగుకూ చీకటికీ మధ్య తేడా మొత్తం కలిపి ముప్పై రెట్లకు అటూ ఇటూ. చీకటి గదిలో నిజమైన లాంతరు మంటకూ ఆ గది మూలకూ మధ్య తేడా వేల రెట్లు ఉంటుంది. ఆ వేలను ఈ ముప్పైలో ఇమడ్చడమే మన పని.

ఇప్పుడు నా కావలివాడిని చూడండి. ఎముకలకు దాదాపు తెలుపు దాకా హైలైట్లు, అంటే వెలుగు తగిలే చోట లేతరంగు, పెట్టాను. ఎర్ర బట్ట మడతల అంచుల్లో నారింజ రంగు గీతలు. కత్తికి వెండి మెరుపు. లాంతరు దగ్గరకు వచ్చేసరికి ఆ ముప్పైలో పాతిక అప్పటికే ఖర్చయిపోయింది. పుర్రె నడినెత్తి మీద ఎంత తెలుపు ఉందో లాంతరు అద్దంలోనూ అంతే తెలుపు. మరి దీపం ఏది, పుర్రె ఏది? కంటికి తేడా తెలిసే దారి లేదు.

మన కన్ను రంగును విడిగా కొలవదు, పక్కదానితో పోల్చి చూస్తుంది. పారిస్‌లోని గోబెలాన్ అద్దకశాలకు పెద్దగా పనిచేసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్ దగ్గరకు ఒక ఫిర్యాదు వచ్చింది: నల్ల నూలుకు తగినంత నలుపు రావడం లేదని. ఆయన పరీక్షించి చూస్తే నూలులో లోపం లేదు. దాని పక్కన నేసిన రంగుల వల్ల అది అలా కనిపిస్తోంది. ఆ పరిశీలనలను 1839లో ప్రచురించాడు. లాంతరు అద్దంలో నేను పెట్టిన తెలుపు చుక్కకూ అదే గతి. అది దీపమా, సున్నపు చుక్కా అన్నది తేల్చేది దాని చుట్టూ ఉన్న నాలుగు మిల్లీమీటర్లు.

లాంతరు పట్టిన చేయి

అదే బొమ్మ నా దగ్గర ఇంకొకటి ఉంది. దానికి బూడిదరంగు ప్రైమర్, అంటే అడుగు పూత, మాత్రమే కొట్టి, ఒక రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, లాంతరు ఉన్న చోట గోరు కొన పాటి ఎల్ఈడీని నిలబెట్టాను. చాలామంది చెప్పే పద్ధతే ఇది. నేను అంతవరకు చేసి చూడలేదు. ఊహతో పని జరుగుతుందనుకున్నాను. ఆ పది నిమిషాల్లో నా ఊహలన్నీ ఒక్కొక్కటిగా తప్పని తేలింది.

మొదట కనబడింది పక్కటెముకలు. వాటి నీడలు వెనకున్న బట్ట లోపలి వైపు చారలు చారలుగా పడ్డాయి. కటకటాల నీడలా, ఒక్కో చార అంచు కత్తితో కోసినంత స్పష్టంగా ఉంది. నేను ఆ చోట మెత్తటి ఆకుపచ్చ పొగలాంటిది వేసి ఉన్నాను. తర్వాత పుర్రె. మామూలుగా మనం పైనుంచి వెలుగు వస్తున్నట్టు వేస్తాం కాబట్టి నడినెత్తి తెల్లగా, దవడ కింద చీకటిగా ఉంటుంది. ఇక్కడ అంతా తలకిందులు. గడ్డం కింది అంచు, చెంప ఎముకల అడుగు భాగం, కంటి గుంటల పై గోడ వెలిగాయి. నుదురు, నడినెత్తి చీకట్లో కలిసిపోయాయి. బట్ట మడతల్లో లాంతరు వైపు తిరిగిన ముఖం వెలుగులో ఉంటే, అర మిల్లీమీటరు అవతల రెండో ముఖం కటిక చీకటి. మధ్యలో మసక అన్నదే లేదు.

ఒక్కటి మాత్రం సరిపోలలేదు. లాంతరును పట్టుకున్న పిడికిలి ధగధగా వెలిగిపోతోంది. నా బొమ్మకూ అలాగే వేశాను, అందరూ అలాగే వేస్తారు. అప్పుడు గుర్తుకొచ్చింది: లాంతరుకు పైన రేకు మూత ఉంటుంది, ఎల్ఈడీకి లేదు. ఒక కాగితం ముక్కను చిన్న టోపీలా కత్తిరించి ఎల్ఈడీ మీద పెట్టాను. పిడికిలి ఆరిపోయింది. పూర్తిగా. మణికట్టు దాకా చీకటి, ఆ పైన మోచేతి దగ్గర మళ్లీ సన్నని వెలుగు గీత. కింద కూడా అంతే, లాంతరు అడుగు పళ్ళెం నీడ కాళ్ళ దగ్గర గుండ్రంగా పడింది. దీపం కింద చీకటి అని చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నాం. ఆ మాట ఇంత కచ్చితమైన పరిశీలన అని నాకు ఆ రాత్రి వరకు తెలియలేదు.

దీపానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఆ పిడికిలే. దూరాన్ని మాత్రమే లెక్కపెట్టేవాడు దానికే ఎక్కువ వెలుగు వేస్తాడు. దారిలో ఏమి అడ్డం ఉందో, ఉపరితలం ఎటు తిరిగి ఉందో చూసినవాడు దాన్ని నల్లగా వదిలేస్తాడు. వెలుగుకు ఎదురుగా ఉన్న తలం మీద పడే కాంతితో పోలిస్తే, 60 డిగ్రీలు పక్కకు తిరిగిన తలం మీద పడేది సగమే. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో ఒక్క విసురు కొట్టి గ్లో అయిపోయిందనుకునే పద్ధతి మీద నా అసలు ఫిర్యాదు ఇదే. వెలుగు మూలం ఉన్న దిక్కు నుంచే కొడితే తలాల సంగతి కొంతవరకు అదే చూసుకుంటుంది. మనకు ఎదురుగా ఉన్న వైపు నుంచి, మూలం మీద గురిపెట్టి కొడితే మాత్రం ఆ రంగు మడత లోపలికీ బయటికీ, ముందుకూ వెనక్కూ సమానంగా చేరుతుంది. వెలుగు అలా చేరదు, పొగమంచు చేరుతుంది.

దూరం లెక్క కూడా నేను తప్పుగానే వేస్తూ వచ్చాను. లాంతరు నుంచి తుంటి ఎముక 5 మిల్లీమీటర్లు, దవడ 15 మిల్లీమీటర్లు అనుకుందాం. దూరం మూడింతలైతే వెలుగు తొమ్మిదో వంతు అవుతుంది. నేను మాత్రం తుంటి నుంచి దవడ దాకా సమానమైన మెట్లు కట్టాను, వాలుగా పరిచిన తివాచీలా. నిజానికి వెలుగు మొదటి రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఎక్కువ పడిపోయి, ఆ తర్వాత నెమ్మదిగా సన్నగిల్లుతుంది. అయితే ఈ లెక్కను యథాతథంగా కుంచెలోకి దింపమని నేను అనను. కన్ను లెక్కల ప్రకారం చూడదు. 18 శాతం కాంతిని పంపే బూడిదరంగు మనకు తెలుపు నలుపులకు సరిగ్గా మధ్యలో ఉన్నట్టు తోస్తుంది. తొమ్మిదో వంతు వెలుగు అంటే కంటికి మధ్య బూడిదకంటే కొంచెం ముదురు, అంతే. అందుకే దవడ మీద ఒక పల్చటి గ్లేజ్‌కు, అంటే అడుగు రంగు కనిపించేలా వేసే నీళ్ళ పొరకు, చోటుంది. నడినెత్తికి అది కూడా లేదు.

మూడు సాయంత్రాల ఎరుపు

మిత్రుడి ప్రశ్నకు అసలు జవాబు బట్ట దగ్గర ఉంది. ఎర్ర బట్ట ఎర్రగా ఎందుకుంటుంది? ఎరుపును తిప్పి పంపి, ఆకుపచ్చను చాలావరకు మింగేస్తుంది కాబట్టి. ఆకుపచ్చ వెలుగు మాత్రమే పడితే దానికి తిప్పి పంపడానికి ఏముంటుంది? నల్లబడుతుంది. మరీ దగ్గరగా ఉన్న అంచుల్లో మురికి ఆకుపచ్చలాంటిది కాస్త కనిపించవచ్చు. ఎర్ర బట్ట ఆకుపచ్చ దీపం ముందు మిలమిల మెరిసే ఆకుపచ్చగా మారడం జరగదు. చూసేవాడు ఈ సూత్రం చదివి ఉండనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి రకరకాల దీపాల కింద రకరకాల బట్టలు చూసిన కన్ను అది. నమ్మలేదు, మరక అనుకుంది. అతని కన్నే సరైనది.

మరి వెలుగు ఎక్కడ కనిపించాలి? లేతరంగు మీద. ఎముకల మీద. నా బొమ్మ ఒళ్ళంతా ఎముకలే, ఆకుపచ్చను పట్టుకోవడానికి అంతకంటే మంచి తలం దొరకదు. నేను వాటికి కనీసం ఒక గ్లేజ్ వేయలేదు, ఎంతో శ్రద్ధగా వేసిన ఎముక రంగు పాడవుతుందని. ఆ ఆకుపచ్చనంతా బట్ట మీద ఖర్చుపెట్టాను.

సరిచేయడానికి కూర్చున్న రోజు బాగా గుర్తుంది. ముదురు గోధుమలో కొంచెం నలుపు కలిపి, నీళ్ళలా పల్చన చేసి, లాంతరు వైపున్న ఎరుపు మీద మొదటి పొర వేశాను. నా నారింజ గీతలు కొంచెం మునిగాయి. రెండో పొరకు సగం మునిగాయి. మూడో పొర వేయడానికి ముందు కుంచె పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాను. ఆ గీతలు ఒక్కొక్కటీ ఊపిరి బిగబట్టి గీసినవి. అంతవరకు నేను వేసిన అంచులన్నింటిలో సన్నవి. వాటిని నా చేత్తోనే చెరపాలి. ఒక గంట తర్వాత వచ్చి మూడో పొర వేశాను. బట్ట దాదాపు నల్లబడింది. అప్పుడే, లాంతరును ముట్టుకోకుండానే, లాంతరు వెలిగింది. అద్దంలోని అదే పాత తెలుపు, అదే పాత ఆకుపచ్చ. వాటికి నేను కొత్తగా ఏమీ చేర్చలేదు.

ఆ తర్వాత రంగుకు రక్షణగా మాట్ వార్నిష్ కొడితే మళ్ళీ సగం ఆరిపోయింది. మాట్ తలం కాంతిని అన్ని వైపులా చెదరగొడుతుంది కాబట్టి నలుపు మీద సన్నని బూడిద తెరలా పరుచుకుంటుంది. చీకటి మీద ఆధారపడ్డ బొమ్మకు అది పెద్ద దెబ్బ. ఇప్పుడు వార్నిష్ ఆరాక అత్యంత లోతైన నీడలను మళ్ళీ ఒకసారి వేస్తున్నాను. కత్తి విషయంలోనూ ఇలాంటిదే ఒక ఇబ్బంది వచ్చింది. లోహపు రంగు గదిలోని దీపాన్ని పట్టుకుంటుంది. బొమ్మను తిప్పిన కొద్దీ ఆ మెరుపు కత్తి వెంట జారుతుంది, నేను వేసిన ఆకుపచ్చ వెలుగు మాత్రం కదలదు. రెండు దీపాలు ఒకదానిని ఒకటి అబద్ధమంటూ నిలబడతాయి. చివరకు ఆ కత్తిని మామూలు బూడిద, గోధుమ రంగులతో లోహంలా తిరిగి వేశాను.

చేతి వెనక మంట

ఈ బాధ మనకు కొత్తగా వచ్చింది కాదు. సావ్లారాం హల్దన్కర్ 1945-46 ప్రాంతంలో వేసిన దీపం పట్టుకున్న స్త్రీ చిత్రం మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో ఉంది. రవివర్మ చిత్రమని చాలామంది పొరబడేది అదే. అందులో ఆమె ఒక చేత్తో దీపం పట్టుకుని, రెండో చేతిని మంటకు అడ్డం పెట్టింది. ఆ వేళ్ళ మధ్య నుంచి వచ్చే ఎర్రదనమే చిత్రానికి ప్రాణం. మూడు వందల ఏళ్ళు వెనక్కి వెళితే, ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ ద లా టూర్ వేసిన వడ్రంగి జోసెఫ్ చిత్రంలో బాల యేసు కొవ్వొత్తి ముందు చేయి పెట్టాడు. అక్కడా వేళ్ళలోంచి వెలుగు పారుతుంది.

ఇద్దరూ మంటకు చేయి అడ్డం పెట్టారు. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను. మంట ఎంత వెలుగుతోందో రంగు చూపలేదు. అది చేరిన చోటు మాత్రమే చూపగలదు. హల్దన్కర్‌ది నీటిరంగుల చిత్రం. నీటిరంగుల్లో అసలైన తెలుపు కాగితానిదే, దాన్ని వదిలిపెట్టి చుట్టూ ముదురు చేసుకుంటూ వెళ్ళాలి. మన అక్రిలిక్ రంగులతో ఎప్పుడంటే అప్పుడు తెలుపును పైన పెట్టుకోవచ్చు కాబట్టి ఆ క్రమశిక్షణ మనకు అలవడదు. వార్‌హామర్ 40,000 అనే బల్ల ఆటలోని లోహపు అస్థిపంజరాల సైన్యం, నెక్రాన్ యోధుల బొమ్మలు, 2002లో వచ్చినప్పుడు వాటి తుపాకుల్లో పెట్టడానికి పారదర్శకమైన ఆకుపచ్చ ప్లాస్టిక్ గొట్టాలు ఇచ్చారు. కాంతి నిజంగానే వాటిలోంచి వెళుతుంది. అయినా మామూలు గదిలో అవి ఆకుపచ్చ గొట్టాల్లాగే ఉంటాయి. దీపాల్లా అనిపించవు. వాటి వెలుగు పక్కనున్న లోహం మీద పడకపోవడమే కారణమని నా నమ్మకం.

ఆట బల్ల సంగతి

ఇంతవరకు చెప్పినదానికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని పక్కకు నెట్టడం నాకు ఇష్టం లేదు. ఇవి ఆడుకునే బొమ్మలు. మూడడుగుల దూరం నుంచి, గది నిండా వెలుగున్నప్పుడు చూస్తాం. ముప్పావు భాగం నల్లగా ఉన్న కావలివాడు ఆ దూరం నుంచి ఒక బొగ్గు ముక్క. వాడి చేతిలో ఏముందో ఎదుటి ఆటగాడికి తెలియదు. నా మిత్రుడే ఈ మాటన్నాడు: "నువ్వు ఫొటో కోసం వేస్తున్నావు, బల్ల కోసం కాదు." కొంత నిజం ఉంది. సరిచేసిన బొమ్మను బల్ల మీద పెడితే లాంతరు బాగా కనిపించింది, మనిషి కనిపించలేదు. కొన్ని రోజుల తర్వాత వీపు వైపు, లాంతరు అందని చోట, చంద్రకాంతి అనుకునేలా చల్లటి ముదురు నీలం అంచులు సన్నగా గీశాను. అవి ఎంత మసకగా ఉన్నా ఆకారాన్ని నిలబెట్టాయి. లాంతరుతో పోటీ పడలేదు. ఇది రాజీ అని తెలుసు. రాజీ పడింది చీకటి ఎంత లోతన్న దగ్గర, చీకటి ఉండాలా వద్దా అన్న దగ్గర కాదు.

ఇరవై మంది సైనికుల దళానికి ఇదంతా చేయమని ఎవరినీ అడగను. రంగును దాదాపు తుడిచేసిన పొడి కుంచెతో, వెలుగు మూలం ఉన్న దిక్కు నుంచే తడుతూ పోతే చాలు, ఎదురుగా ఉన్న అంచులు వాటంతట అవే రంగు పట్టుకుంటాయి. ఎయిర్‌బ్రష్ పొగకంటే అది నిజానికి దగ్గర. కళ్ళు వెలగాలంటే గుంటంతా నలుపు, మధ్యలో ఒక చుక్క, కింది అంచున ఒక గీత. అంతకు మించి ఆ కొలతలో కనిపించదు.

రెండో అభ్యంతరం నన్ను ఇంకా ఇబ్బంది పెడుతోంది. ఫ్లోరోసెంట్ రంగులు. 1930లలో అమెరికాలో స్విట్జర్ సోదరులతో మొదలైన ఈ రంగులు అతినీలలోహిత కాంతినీ, ఊదా నీలం కాంతినీ మింగి, దాన్ని ఆకుపచ్చగానో నారింజగానో మార్చి బయటికి పంపుతాయి. కాబట్టి ఆ ఒక్క రంగులో చూస్తే, తమ మీద పడినదానికంటే ఎక్కువ తిరిగి ఇస్తున్నట్టు కనిపిస్తాయి. తెలుపును మించిన తెలుపు లేదన్న నా వాదనకు ఇది తిన్నగా ఎదురు. తెల్లటి అడుగు పొర మీద వేస్తే లాంతరు అద్దం నిజంగానే రగిలినట్టుంటుంది, పక్కనున్న చీకటి అంత లోతుగా లేకపోయినా. ఎండ తగిలే చోట పెడితే తొందరగా వెలిసిపోతాయన్నది ఒక ఊరట లాంటి అభ్యంతరం మాత్రమే, అసలు జవాబు కాదు. ప్రస్తుతానికి వాటిని అద్దం లోపలికే పరిమితం చేశాను. బట్ట మీద, ఎముకల మీద వేయను. వేసిన వెంటనే అవి కూడా మూలాలై కూర్చుంటాయి, దీపం ఒకటి కాక పది అవుతుంది. కానీ చీకటి లేకుండానే వెలుగు వచ్చే దారి ఒకటి ఉందని తెలిశాక, నా మాటలో మునుపటి ధీమా లేదని ఒప్పుకోవాలి.

ధీమా ఇంకా ఉన్న విషయం ఒకటే: ఒక బొమ్మకు ఒకటే దీపం. కళ్ళలో ఎరుపు, కత్తికి నీలం, ఛాతీ మీద మణికి ఊదా, బొమ్మ నిలబడే బేస్ మీద లావా. పెట్టెల మీది చిత్రాల్లో ఇవన్నీ ఒకే బొమ్మ మీద చూస్తున్నాం. వేసినవారి చేతి నైపుణ్యానికి నేను ఆశ్చర్యపోతాను, కానీ కన్ను ఎక్కడ ఆగాలో తెలియక జారిపోతుంది. ప్రతి దీపం తన చుట్టూ కొంత చీకటి అడుగుతుంది. 28 మిల్లీమీటర్లలో నాలుగు దీపాలకు సరిపడా చీకటి ఎక్కడి నుంచి తెస్తాం?

ఆ కావలివాడికి నిన్న పక్కటెముకల నీడలు వేయడం మొదలుపెట్టాను. బట్ట లోపలి వైపు, అటూ ఇటూ అయిదేసి చారలు. మధ్యలో మిగిలిన సందుల్లో మురికి ఆకుపచ్చ, కనీ కనిపించనంత. ఎడమ వైపు అయిదూ వచ్చాయి. కుడి వైపు మూడో చార దగ్గర కుంచె కొన విడిపోయింది, ఆపేశాను. పిడికిలి మాత్రం పూర్తయింది. మూత కింద, మణికట్టు దాకా నలుపు, మోచేతి దగ్గర ఒక్క గీత. ఆదివారం మిత్రుడు వస్తానన్నాడు. ఈసారి అతనికి ముందుగా ఏమీ చెప్పను.